సెల్ఫ్ తిరిగిందా, లేదా?

వేలూరు లాడ్జీల ముందు ఎండలో నిలబడి, గుడియాత్తం దారిలో మధ్యలో ఆగి, తాళం తిప్పినా కదలని కార్ల కథ. తొలి పది సెకన్లు చెవి ఒగ్గితే సగం సంగతి తేలిపోతుంది.

వేలూరు సీఎంసీ ఆస్పత్రి ముందున్న ఐడా స్కడర్ రోడ్డులోనూ, దాని చుట్టుపక్కల సందుల్లోనూ బోర్డుల మీద తమిళం పక్కనే తెలుగు, బెంగాలీ, హిందీ అక్షరాలు కనిపిస్తాయి. లాడ్జీల ముందు, పార్కింగుగా మారిన ఖాళీ స్థలాల్లో ఏపీ 03, ఏపీ 39 నంబర్ల కార్లు బారులు తీరి ఉంటాయి. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. పలమనేరు, మదనపల్లె, పీలేరు, తిరుపతి నుంచి వచ్చేవాళ్లకూ పెద్ద దూరమేమీ కాదు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దామనుకుని బయల్దేరినవాళ్లే ఎక్కువ. తీరా వచ్చాక స్కానింగు రేపటికి పడుతుంది, రిపోర్టు ఎల్లుండి చేతికొస్తుంది, డాక్టరుగారు సోమవారం మళ్లీ చూస్తానంటారు. మనుషులు లాడ్జీకీ ఆస్పత్రికీ తిరుగుతుంటారు. కారు మాత్రం వచ్చిననాడు ఎక్కడ ఆగిందో అక్కడే, ఎండలో పడి ఉంటుంది. చివరికి డిశ్చార్జి అయింది, ఫైళ్లు, మందుల సంచులు డిక్కీలో సర్దారు, నీరసంగా ఉన్న మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టారు, తాళం తిప్పారు. టిక్. అంతే.

ఇక సలహాలు మొదలవుతాయి. లాడ్జీ వాచ్‌మన్ బ్యాటరీ పోయిందంటాడు. పక్కన ఆగిన ఆటో డ్రైవరు సెల్ఫ్ మోటారు కాలిపోయిందంటాడు. ఊరి నుంచి ఫోన్లో బావమరిది ‘సెన్సారు అయ్యుంటుంది బావా’ అని తేల్చేస్తాడు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కాట్పాడిలోనో గుడియాత్తంలోనో చేతులకు ముప్పయ్యేళ్ల గ్రీజు పట్టిన మెకానిక్కుకు ఫోన్ చేసి చూడండి. బ్యాటరీ ఏ కంపెనీది, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని కూడా అడగడు. తమిళ యాస కలిసిన చిత్తూరు తెలుగులో ఒక్కటే అడుగుతాడు: ‘ఏం నా, సెల్ఫ్ తిరగతాందా, లేదా?’

ఈ ఒక్క ప్రశ్నతో అనుమానాల జాబితా రెండు ముక్కలవుతుంది. సెల్ఫ్ తిరగకపోతే జబ్బు కరెంటు దారిలో ఉంది. అంటే బ్యాటరీ, టెర్మినళ్లు, రిలే, సెల్ఫ్ మోటారు. పెట్రోలుతో, ప్లగ్గులతో, ఇంజెక్టర్లతో పని లేదు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. అప్పుడు వెతకాల్సినవి ఇంధనం, నిప్పురవ్వ, గాలి, తాళంచెవి అనుమతి. ఈ రెండు జాతుల జబ్బుల్నీ కలిపేసుకున్నవాళ్ల జేబే ముందు ఖాళీ అవుతుంది. కారు కదలనందుకు పోయే డబ్బు కన్నా, ఎందుకు కదల్లేదో తేల్చుకోకుండా పార్టులు మార్చడం వల్ల పోయే డబ్బే ఎక్కువ.

లైట్లు వెలిగితే చాలదు

‘డ్యాష్‌బోర్డు లైట్లన్నీ వస్తున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.’ రోడ్డు పక్క వినిపించే మాటల్లో ఇంతగా తప్పుదారి పట్టించేది ఇంకోటి లేదు. డ్యాష్‌బోర్డు దీపాలకు ఒకటో రెండో ఆంపియర్ల కరెంటు చాలు. సెల్ఫ్ మోటారుకు చిన్న పెట్రోలు కారులోనే వంద ఆంపియర్లకు పైన కావాలి, డీజిల్ బండికి రెండొందలు దాటుతుంది. దీపాలు వెలిగించగలిగిన బ్యాటరీ ఇంజిన్‌ను తిప్పలేకపోవడం వింత కాదు, రోజూ జరిగేదే.

కాబట్టి హెడ్‌లైట్లు వేసి, వాటినే చూస్తూ తాళం తిప్పాలి. లైట్లు ఒక్కసారిగా గుడ్డివై, టకటకటకమని వరసగా చప్పుడొస్తే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా టెర్మినల్ సరిగా అంటుకోలేదు. సెల్ఫ్ మోటారు మీది సోలనాయిడ్ స్విచ్చి ఒకసారి పట్టుకుంటుంది, వోల్టేజి పడిపోగానే వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ టకటక అదే. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉండి, ఏ చప్పుడూ లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా చేరడం లేదు. రిలే, ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్చి, క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చి, వీటిలో ఏదో ఒకచోట దారి తెగింది. లైట్లు బాగానే ఉండి లోపల ‘టక్’ మని ఒకే ఒక్క దెబ్బ వినిపిస్తే సెల్ఫ్ మోటారు మీద గట్టి అనుమానం. కార్బన్లు అరిగిపోయిన మోటారును జాకీ రాడ్డుతో మెల్లగా రెండు దెబ్బలు కొడితే ఒకసారికి తిరగడం కద్దు. ఊరు చేరడానికి ఆ ఒక్కసారి చాలు, కానీ మర్నాడు మోటారు విప్పించక తప్పదు.

ఇంతకు మించి తెలియాలంటే మల్టీమీటరు కావాలి. కొన్ని వందల రూపాయల వస్తువు. కారులో స్టెప్నీ పెట్టుకున్నంత మామూలుగా ఇదీ ఎందుకు పెట్టుకోమో నాకు అర్థం కాదు. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక బ్యాటరీ రెండు కొనల మధ్య 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12 కన్నా దిగితే దాదాపు అడుగంటినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటరు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ బరువు మోయలేకపోతోంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8కీ 14.5కీ మధ్య ఉండాలి. అలా కాక 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటరుది. దీన్నే మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అంటారు. డైనమో పోయిన కారుకు కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా చిత్తూరు చేరేలోపో, చేరాకో పడుకుంటుంది.

వేలూరులో ఆగిన కార్లకే ఈ బాధ ఎందుకెక్కువ? లెక్క చూడండి. తాళం వేసి వదిలేసిన కారు కూడా ఊరికే ఉండదు. గడియారం, అలారం, కంప్యూటరు జ్ఞాపకం, అన్నీ కలిసి 50 మిల్లీ ఆంపియర్ల దాకా పీలుస్తూ ఉంటాయి. అది సహజమే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లనుకుంటే పది రోజుల్లో మూడో వంతు పోతుంది. కొత్త బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది. మనం బజార్లో బిగించిన డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకరు, పెద్ద స్పీకర్ల యాంప్లిఫయరు ఆఫ్ కాకుండా ఇంకో 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు ఏడు ఆంపియర్ అవర్ల పైనే కరిగిపోతుంది. నాలుగైదు రోజులకు టిక్ శబ్దం ఖాయం. ఆస్పత్రి పని సరిగ్గా అన్ని రోజులే పడుతుంది.

దీనికి తోడు ఎండ. తమిళనాడులో వేసవి మంటకు పేరుపడ్డ ఊళ్లలో వేలూరు ఒకటి. మే 4 నుంచి 28 దాకా అక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అని లెక్కబెట్టుకునే రోజుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. చలి దేశాల్లో శీతాకాలం వస్తే కార్లు స్టార్ట్ కావని చదువుతుంటాం. బ్యాటరీని అసలు చంపేది వేడే, చలి ఆ చావును బయటపెడుతుందంతే. పది డిగ్రీలు పెరిగిన కొద్దీ లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పలకల్లోని సీసపు జాలీ తినేసుకుపోతుంది, నీరు ఆవిరవుతుంది. అందుకే మన ప్రాంతాల్లో మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీతో దూరప్రయాణం పెట్టుకోకూడదు. బ్యాటరీ మీద పచ్చటి కన్ను కనిపిస్తోందని ధీమా పడనక్కర్లేదు. బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఆ కన్ను చూసేది ఒక్కదాన్నే. మిగతా అయిదింటిలో ఒకటి చచ్చినా అది పచ్చగానే చూస్తుంది.

ఇంకో మాట. మన కార్లలో ఉండే బ్యాటరీల్లో బోలెడు పుట్టేది ఈ చుట్టుపక్కలే. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ కర్మాగారాలు తిరుపతి దగ్గర కరకంబాడిలోనూ, చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లెలోనూ ఉన్నాయి. ఎక్సైడ్ వాళ్లది హోసూరులో ఉంది. వేలూరులో బ్యాటరీ దొరకడం కష్టమేమీ కాదు. అసలు కొనాలా వద్దా అనేదే తేలాలి. ఎందుకంటే కొత్త బ్యాటరీ వేయించుకున్న కార్లలో కొన్నింటికి కావాల్సింది పదో నంబరు స్పానరు మాత్రమే. టెర్మినల్ వదులై, చుట్టూ తెల్లగా ఆకుపచ్చగా ఉప్పు పేరుకుపోతే కరెంటు దాటలేదు. మైనస్ వైపు ముందు విప్పి, వేడినీళ్లు పోసి కడిగి, తుడిచి, బిగించి, పైన కాస్త వ్యాజిలీన్ రాస్తే పని అయిపోతుంది.

పక్క కారు నుంచి కేబుళ్లు వేసి కరెంటు ఇచ్చేటప్పుడు వరస తప్పకూడదు. ఎర్ర కేబుల్ ముందు మన చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత పక్క బండి ప్లస్‌కు. నల్లది ముందు పక్క బండి మైనస్‌కు. దాని చివరి కొన మన బ్యాటరీ మైనస్‌కు తగిలించకూడదు, దూరంగా ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి పెట్టాలి. చివరి కొన తగిలించినప్పుడు రవ్వ లేస్తుంది. బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, అది పేలితే యాసిడ్ మొహాన పడుతుంది.

ఐడా స్కడర్ కారుకు సెల్ఫే లేదు

వేలూరు–గుడియాత్తం దారికి మోటారు కొత్తది కాదు. రాణిపేటలో 1870లో పుట్టి, అమెరికాలో వైద్యం చదివి తిరిగొచ్చిన ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక్క మంచంతో దవాఖానా తెరిచారు. అదే నేటి సీఎంసీ. రోగులు తన దగ్గరికి రాలేని చోటికి తానే వెళ్లాలని వారం వారం గుడియాత్తం దాకా ప్రయాణం పెట్టుకున్నారు. దారి పొడుగునా చెట్ల కింద ఆగి మందులిచ్చేవారు. మొదట్లో ఎద్దుల బండి. 1909 ప్రాంతంలో ఆమెకు ఫ్రాన్సులో తయారైన ప్యుజో కారు వచ్చింది. దాని ఇంజిన్‌కు ఒకే ఒక్క సిలిండరు. అప్పటికి చిత్తూరు కూడా ఉత్తరార్కాడు జిల్లాలోనే ఉండేది, చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. చెట్ల కింద ఆ డాక్టరమ్మ కోసం ఎదురుచూసినవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ ఉండి ఉండదు.

ఆ కారుకు సెల్ఫ్ లేదు, ఉండే అవకాశమే లేదు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ సెల్ఫ్ స్టార్టరు అమెరికాలో కాడిలాక్ కార్లలోకి వచ్చింది 1912 మోడలుతో. అంతకుముందు పెట్రోలు కార్లు దాదాపు అన్నీ ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పి స్టార్ట్ చేయాల్సినవే. నిప్పురవ్వ సమయం ముందుకు జరిగి ఉంటే హ్యాండిల్ వెనక్కి తన్నేది. మణికట్లు విరిగేవి. అందుకే బొటనవేలు చుట్టి పట్టుకోకుండా మిగతా వేళ్ల వైపే ఉంచి తిప్పమని నేర్పేవాళ్లు. మన అంబాసిడర్లకూ ఆ హ్యాండిల్ చాలాకాలం ఉండేది. 1957లో మొదలై 2014లో ఉత్పత్తి ఆగిన ఆ కారును నడిపిన డ్రైవర్లకు ఇది గుర్తుండే ఉంటుంది.

హ్యాండిల్ వల్ల ఒక లాభం ఉండేది. ఇంజిన్ లోపలి సంగతి చేతికి తెలిసేది. కంప్రెషన్ వచ్చిన చోట హ్యాండిల్ బిగుసుకునేది, ఆ చోట దాటగానే తేలికయ్యేది. ఏ సిలిండరు దగ్గరా బిగువు లేకపోతే వాల్వులో, రింగులో అరిగాయని అర్థం. ఇప్పుడు ఆ పని చెవి చెయ్యాలి. సెల్ఫ్ మామూలుగా తిరిగేటప్పుడు లయ ఉంటుంది, రుర్–రుర్–రుర్ అని. ఆ లయ పోయి, మామూలు కన్నా వేగంగా, అడ్డేమీ లేనట్టు జుయ్యిమని తిరిగితే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. ఆ చప్పుడు విన్నాక తాళం మళ్లీ తిప్పకూడదు. చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను గుద్దేస్తాయి. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజిన్ హెడ్డు దాకా వెళ్తుంది.

అగ్గిపెట్టెల ఊళ్లో నిప్పురవ్వ కరవు

గుడియాత్తం లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరున్న ఊరు. ముఖ్యమంత్రి అయిన కామరాజ్‌ను 1954 ఉప ఎన్నికలో శాసనసభకు పంపింది కూడా ఈ ఊరే. పలమనేరు నుంచి అడవి గుండా దిగినా, వి.కోట నుంచి ఘాట్ దిగి పేర్నంబట్టు మీదుగా వచ్చినా మన బండ్లు ఇక్కడికే చేరతాయి. ఇక్కడి షెడ్లకు వచ్చే కేసులు వేలూరు లాడ్జీల కేసుల్లాంటివి కావు. దూరం నడిచి, కాలి, టీ కోసం ఆగిన బండ్లు. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు.

ముందు తాళంచెవి సంగతి తేల్చుకోవాలి, ఖర్చు లేనిది కనుక. కొత్త కార్ల తాళంచెవిలో చిన్న చిప్ ఉంటుంది. దాని సంకేతం కారు కంప్యూటరు గుర్తిస్తేనే ఇంధనం వదులుతుంది. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ లేదా తాళం ఉన్న కారు బొమ్మ ఆగకుండా మినుకుతుంటే కారు మిమ్మల్ని దొంగ అనుకుంటోంది. రెండో తాళంచెవితో ప్రయత్నించాలి. అది ఇంట్లో బీరువాలో ఉంటుందనేది వేరే సంగతి. బటన్ నొక్కే కార్లలో రిమోట్ బ్యాటరీ అయిపోతే రిమోట్‌నే బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్టవుతాయి. క్లచ్ పూర్తిగా తొక్కకపోయినా, ఆటోమేటిక్ బండి గేరు పార్కింగులోనో న్యూట్రల్‌లోనో లేకపోయినా సెల్ఫే తిరగదు. కాలి కింద మ్యాటు మడతపడి క్లచ్ చివరిదాకా దిగనందుకు టోయింగ్ బండి పిలిచినవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఇంధనం. పెట్రోలు కారులో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు సన్నటి జుమ్ శబ్దం రావాలి. ట్యాంకులోని పంపు పైపుల్లో ఒత్తిడి నింపుతున్న శబ్దం అది. వినిపించకపోతే పంపు చచ్చిందని తీర్మానించొద్దు. ఫ్యూజు చూడాలి, రిలే చూడాలి. ఫ్యూజు పెట్టెలో హారన్‌దో, మరోదానిదో అదే నంబరు రిలే ఉంటే దాన్ని తీసి పంపు చోట పెట్టి చూడటం పాత మెకానిక్కుల ఉపాయం. పైసా ఖర్చు లేదు. సీఎన్‌జీ కార్లవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. చాలా మోడళ్లు పెట్రోలుతో స్టార్టయ్యాకే గ్యాసుకు మారతాయి. పెట్రోలు మీటరు ఎర్రగీత మీదే నెలల తరబడి ఉంచితే, గ్యాసు నిండుగా ఉన్నా బండి లేవదు. పైగా పెట్రోలులో మునిగి చల్లబడాల్సిన పంపు వేడెక్కి కాలిపోతుంది.

ఘాట్ ఎక్కి ఆగిన బండి ఇంజిన్ మీద తడిగుడ్డ వేయమనే పెద్దమనిషి ఇప్పటికీ ప్రతి టీ అంగడి దగ్గరా ఉంటాడు. అంబాసిడర్ కాలంలో అది సరైన వైద్యమే. ఇంజిన్‌కు అంటుకుని ఉన్న పెట్రోలు పంపు వేడెక్కి, లోపలి పెట్రోలు మరిగి ఆవిరై, పంపు లాగలేకపోయేది. తడిగుడ్డ వేస్తే ఆవిరి మళ్లీ ద్రవమయ్యేది. ఇప్పుడు పంపు ట్యాంకులో ఉంది, పైపుల్లో మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది, పెట్రోలు అంత సులభంగా మరగదు. తడిగుడ్డ వల్ల కనెక్టర్లలోకి నీరు పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అయినా అరగంట ఆగాక బండి స్టార్టవుతుంది, ఆ పెద్దమనిషి మీసం దువ్వుకుంటాడు. అసలు జరిగింది ఇంకోటి. క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడ ఉందో కంప్యూటరుకు చెప్పే సెన్సారు లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కుంది. వేడి మీద ఆగి, చల్లారాక లేచే కారులో మొదట అనుమానించాల్సింది ఈ క్రాంక్ సెన్సారునే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద నుంచి కొంచెమైనా లేవకపోతే అనుమానం బలపడుతుంది.

డీజిల్ బండిలో నిప్పురవ్వ ఉండదు, ఒత్తిడే అన్నీ. కామన్ రైల్ ఇంజిన్‌లో సెల్ఫ్ తిరిగేటప్పుడే రైలులో ఒత్తిడి సుమారు 200 బార్ల దాకా చేరితే గానీ కంప్యూటరు ఇంజెక్టర్లను తెరవనివ్వదు. ట్యాంకు అడుగంటాక డీజిల్ పోస్తే లైనులో గాలి చేరి ‘ఎయిర్ లాక్’ అవుతుంది. ఫిల్టరు మీద చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కాలి. పాత బండ్లలోలాగా ఇంజెక్టరు పైపు వదులు చేసి డీజిల్ వస్తోందా అని వేలు పెట్టి చూడటం మాత్రం వద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది.

బండి ఏదైనా సరే, సెల్ఫ్ ఒక విడతకు పది సెకన్లు మించి కొట్టకూడదు. మధ్యలో అర నిమిషమైనా విరామం ఇవ్వాలి. ఆవేశంగా కొడుతూపోతే మొదట ఇంధనం జబ్బుగా ఉన్నది కాసేపటికి బ్యాటరీ జబ్బు, సెల్ఫ్ జబ్బు కూడా అవుతుంది. ఇక తోసి స్టార్ట్ చేయడం. మాన్యువల్ గేరు బండికి, రెండో గేరులో పనిచేస్తుంది, అదీ బ్యాటరీలో కంప్యూటరును, పంపును నడిపేంత ప్రాణం మిగిలి ఉంటేనే. డ్యాష్‌బోర్డు పూర్తిగా చీకటైన కారును పదిమంది కాట్పాడి దాకా తోసినా లేవదు. విద్యుత్ కారుకూ ఈ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది చస్తే పెద్ద బ్యాటరీలో నిండుగా చార్జి ఉన్నా కారు కళ్లు తెరవదు.

స్కానరు చెప్పేది, చెప్పనిది

మన దేశంలో బీఎస్–4 కార్లతో 2010 ఏప్రిల్ నుంచి జబ్బు నమోదు చేసుకునే వ్యవస్థ తప్పనిసరైంది, 2013 నుంచి అది ఇంకా కట్టుదిట్టమైంది. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలిస్తే కోడ్‌లు చదవొచ్చు. ఇది వచ్చాక మెకానిక్కుల్లో రెండు జాతులు తయారయ్యాయి. కోడ్ చూసి వెతకడం మొదలుపెట్టేవాళ్లు ఒక జాతి. కోడ్ చూసి పార్టు ఆర్డరిచ్చేవాళ్లు ఇంకో జాతి. షోరూము అయినంత మాత్రాన మొదటి జాతి అని చెప్పలేం, చెట్టు కింద షెడ్డు అయినంత మాత్రాన రెండో జాతి అనీ కాదు.

ఉదాహరణకు పీ0335 అనే కోడ్. క్రాంక్ సెన్సారు సర్క్యూట్‌లో లోపం అని దాని భావం. సెన్సారు పోయిందని కాదు. సెన్సారు పోయి ఉండొచ్చు, కనెక్టరు వదులై ఉండొచ్చు, వైరును ఎలుక కొరికి ఉండొచ్చు. హోటళ్ల వెనక సందులో వారం నిలబడిన కారులో ఎలుక మాట నేను ముందు నమ్ముతాను. వెచ్చటి ఇంజిన్ మూల, పక్కనే అన్నం మెతుకులు, వాటికి ఇంకేం కావాలి? బానెట్ తీసి టార్చి వేసి చూస్తే పెంటికలు, కొరికిన ఇన్సులేషన్ కనిపిస్తాయి. ఆ తనిఖీకి స్కానరు అక్కర్లేదు. కోడ్ చదివి సెన్సారు మార్చినవాడు మర్నాడు అదే కోడ్ మళ్లీ చూస్తాడు, ఈసారి కంప్యూటరే మార్చాలంటాడు.

నీళ్లలో మునిగిన కారుకు తాళం పెట్టొద్దు

2021 నవంబరులో పాలారు నది పొంగింది. మోర్దానా డ్యామ్ నిండిపొర్లి కౌండిన్య నది గుడియాత్తంలో ఇళ్లలోకి వచ్చింది. అటువంటి రోజుల తర్వాత షెడ్లకు వచ్చే కార్లలో కొన్ని నీటి వల్ల చెడినవి, కొన్ని యజమాని తొందర వల్ల చెడినవి. నీటిని నొక్కి కుదించలేం. ఇంజిన్ గాలి పీల్చే దారిలో నీరు చేరి సిలిండరులోకి పోయాక సెల్ఫ్ కొడితే పిస్టన్ నీటిని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ ఒక్క తిప్పుతో ఇంజిన్ పోతుంది. పైగా మునిగిన కారును స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు పాలసీలో బీమా కంపెనీ ఇవ్వనంటుంది, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు తీసుకుని ఉంటే తప్ప. కారు నీళ్లలో నిలబడిందా, తాళం ముట్టుకోకండి. వీలైతే బ్యాటరీ మైనస్ విప్పి, ఫొటోలు తీసి, లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లండి.

పలమనేరు–గుడియాత్తం దారి కౌండిన్య అభయారణ్యం అంచుల మీదుగా పోతుంది, ఏనుగులు తిరిగే చోటు. రాత్రిపూట అక్కడ ఆగిన బండి బానెట్ ఎత్తి రోగనిర్ధారణలు చేయడం తెలివైన పని కాదు. లోపలే కూర్చుని ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీదైతే 1033 నంబరుకు పగలూ రాత్రీ చేయొచ్చు.

ఎవరికి ఫోన్ చేసినా ‘బండి స్టార్ట్ కావడం లేదు’ అనే మాటతో ఆపకండి. సెల్ఫ్ తిరుగుతోందా లేదా, టకటకా లేక ఒక్క టక్కా, హెడ్‌లైటు గుడ్డిదవుతోందా, వేడి మీద ఆగిందా లేక రోజుల తరబడి నిలబడిందా, డ్యాష్‌బోర్డు మీద ఏ బొమ్మ వెలుగుతోంది, ఇవన్నీ చెప్పండి. వచ్చే మెకానిక్కు సరైన సామానుతో వస్తాడు. పార్టు మార్చాలంటే, ఎందుకో మీటరు మీదో కళ్లతోనో చూపించమనండి, మార్చాక పాతది చేతికివ్వమనండి. ఈ రెండూ అడిగితే నొచ్చుకునే మెకానిక్కు దగ్గర బండి వదలకండి.